మారేది పురుగు కాదు, పురుగుల సంతతి

భీమవరంలో రైతులు, ఉపాధ్యాయులు, కాలేజీ విద్యార్థుల ఎదుట జీవపరిణామం మీద చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారమండి.

జీవపరిణామం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒకే బొమ్మ. ఎడమ చివర వంగి నడిచే కోతి, కుడి చివర నిటారుగా మనిషి, మధ్యలో మెల్లమెల్లగా నడుము ఎత్తుకుంటూ వచ్చే నలుగురైదుగురు. ఆ బొమ్మ తప్పు. ఎందుకు తప్పో మనిషి దగ్గరికొచ్చాక చెప్తాను. ముందు మన చేలో వరి రసం పీల్చే చిన్న పురుగు, సుడిదోమతో మొదలుపెడదాం. ఈ శాస్త్రం కీలకమంతా అందులోనే ఉంది. పైగా ఇక్కడున్న రైతులు దాన్ని సొంత డబ్బు ఖర్చుపెట్టి మరీ చూశారు.

"ఈ మందుకి దోమ అలవాటు పడిపోయిందండి" అంటూ ఉంటాం. నిజానికి ఏ దోమా దేనికీ అలవాటు పడదు. మందు తగిలాక బతికిన దోమ, బతకగలిగే లక్షణంతో ముందే పుట్టింది కాబట్టి బతికింది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వచ్చిన కొత్తలో సుడిదోమ మీద గొప్పగా పనిచేసింది. 2000 దాటిన కొన్నేళ్ళకే ఆసియా దేశాల్లో దాని పట్టు సడలింది. తట్టుకున్న దోమల్ని పరీక్షించి చూస్తే, ఆ విషాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైము వాటి ఒంట్లో మామూలుకంటే చాలా ఎక్కువగా తయారవుతోందని తేలింది. దాన్ని తయారుచేయించే జన్యువుని సీవైపీ6ఈఆర్1 అంటారు. ఆ జన్యువు తీరులో దోమకీ దోమకీ తేడా ఉంటుంది, మనలో ఒకరికి జుట్టు ఒత్తుగా, ఒకరికి పల్చగా ఉన్నట్టే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. చేలో 10,000 దోమలున్నాయి. వాటిలో 10 దోమలకి మాత్రమే ఆ ఎంజైము ఎక్కువ. మందు కొడితే మామూలు దోమల్లో నూటికి 95 చస్తాయి, ఆ పదిలో నూటికి 30 చస్తాయి అనుకుందాం. మిగిలేవి ఎన్ని? మామూలువి సుమారు 500, తట్టుకునేవి 7. పిచికారీకి ముందు వెయ్యికి ఒకటిగా ఉన్న లక్షణం ఇప్పుడు నూటికి 1.4 అయింది. ఆ మిగిలినవే గుడ్లు పెడతాయి. ఒక్కో ఆడదోమ వందల్లో పెడుతుంది, 25, 30 రోజుల్లో తర్వాతి తరం సిద్ధం. లెక్క తేలిగ్గా ఉండటానికి పిల్లలన్నీ తల్లి లక్షణంతోనే పుడతాయనుకుని అదే మందు మళ్ళీ కొట్టండి. రెండో పిచికారీ అయ్యాక తట్టుకునేవి నూటికి 16. మూడోది అయ్యాక 73. నాలుగోది అయ్యాక 97.

ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడండి. మొదటి పిచికారీకి నూటికి 5 దోమలు మిగిలాయి. రెండోదానికి 6. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకి ఆ తేడా కనపడదు, మందు బ్రహ్మాండంగా పనిచేసిందనే అనుకుంటారు. మూడోదానికి 16 మిగిలాయి, అప్పుడు కాస్త అనుమానం వస్తుంది. నాలుగోసారి సగానికి పైగా మిగిలిపోయాయి. "ఈసారి మందు నకిలీదండి" అంటాం. మార్పు మొదటి పిచికారీ నాడే మొదలైంది, మన కంటికి ఆనింది నాలుగోసారి.

జీవపరిణామం అంటే ఇంతేనండి. ఒకే జాతిలో జీవికీ జీవికీ తేడాలుండాలి. ఆ తేడా తల్లిదండ్రుల నుంచి పిల్లలకి రావాలి. ఆ తేడా వల్ల కొందరికి ఎక్కువ సంతానం, కొందరికి తక్కువ సంతానం మిగలాలి. ఈ మూడూ ఉన్నచోట తరాలు గడిచేకొద్దీ సంతతి మారక తప్పదు. దీన్నే ప్రకృతివరణం అన్నారు. 1858లో చార్లెస్ డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ రాసిన పత్రాలు లండన్‌లో ఒకేసారి చదివారు, మరుసటేడు డార్విన్ పుస్తకం వచ్చింది. జన్యువంటే ఏమిటో వాళ్ళిద్దరికీ తెలియదు. తెలియకుండానే ఇంత సరిగ్గా చెప్పగలిగారు.

పనికొచ్చే మాట కూడా చెప్పాలి కదా. ఇమిడాక్లోప్రిడ్ వాడి, పని చేయలేదని థయామిథాక్సామ్‌కి మారితే మారినట్టు కాదు. రెండూ పురుగు నరంలో ఒకే చోట దెబ్బ తీసే మందులే. డబ్బా మీద కంపెనీ పేరు చూడకండి, మందు గ్రూపు నంబరు చూడండి. ఆ రెండూ 4ఎ. తర్వాతి పిచికారీకి వేరే నంబరున్నది తీసుకోవాలి, పైమెట్రోజిన్ లాంటిది. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే ఇంకో చిక్కుంది. దోమని తినే సాలెపురుగులు, మిరిడ్ నల్లులు ముందు చస్తాయి, దోమ వెనకాలే రెట్టింపై వస్తుంది. నాట్లప్పుడు ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు దుబ్బు మొదలుదాకా వెళ్తాయి. దోమకి అది గిట్టదు, మనం కొట్టే మందు కూడా మొదలుదాకా అందుతుంది.

విత్తనానికీ ఇదే గతి పడుతుంది. సుడిదోమని తట్టుకునే ఒకే ఒక్క జన్యువుతో ఐఆర్ 26 అనే వరిని 1973లో విడుదల చేశారు. రెండు మూడేళ్ళలో ఆగ్నేయాసియాలో దాన్ని తినగల దోమలు పైకొచ్చాయి. మన దక్షిణాసియా దోమకైతే ఆ జన్యువు మొదటినుంచీ అడ్డే కాదు. అందుకే ఇప్పుడు ఒక్క జన్యువు మీద ఆధారపడరు, రెండు మూడింటిని ఒకే వంగడంలోకి తెస్తారు. రెండు మూడు తాళాలూ ఒక్కసారే తీయగల దోమ పుట్టి ఉండే అవకాశం బాగా తక్కువ.

రొయ్యల రైతులకి కూడా రెండు ముక్కలు చెప్తాను. చెరువులో రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియా గంటలోపే రెట్టింపవుతుంది. సుడిదోమకి నెల పట్టే తరం దానికి గంట. అదీకాక, బాక్టీరియా మందుని తట్టుకునే జన్యువుని పిల్లలకే కాదు, పక్కనున్న వేరే బాక్టీరియాకి కూడా అందిస్తుంది. యాంటీబయాటిక్ వేసిన చెరువులో ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. ఇంకోటి, ఎస్‌పీఎఫ్ పిల్ల అంటే జబ్బు రాని పిల్ల అని చాలామంది అనుకుంటున్నారు. ఫలానా రోగక్రిములు లేని తల్లి రొయ్యల నుంచి వచ్చిన పిల్ల అని మాత్రమే దానర్థం. తెల్లమచ్చ వైరస్ ఉన్న నీళ్ళలో వదిలితే అదీ చస్తుంది. తట్టుకునే గుణం కావాలంటే తరాల తరబడి ఎంపిక చేసి పెంచాలి, అది వేరే పని.

ఇంతవరకూ చెప్పినవాటిలో మందు కొట్టేది మనిషి. అలాగని ఎంపిక చేస్తున్నానన్న ఎరుక మనిషికి ఉండాల్సిన పనిలేదు. దానికి ఊదగడ్డి మంచి సాక్ష్యం. సార్వా నాట్లేసిన మూడు వారాలకి చేలో దిగి చూడండి. వరి దుబ్బులోనే వరిలా నిటారుగా, అదే పచ్చటి రంగుతో, మొదలు దగ్గర ఎరుపు కూడా లేకుండా ఒక మొక్క ఉంటుంది. పైనుంచి చూస్తే పోల్చలేరు. ఆకుని కాడ దగ్గర పట్టుకుని వెనక్కి వంచండి. ఆకు, కాడ కలిసే చోట వరికి తెల్లటి పల్చని పొర పైకి లేచి ఉంటుంది, పక్కన చిన్న నూగు చెవుల్లాంటివి ఉంటాయి. ఊదకి ఆ చోటు నున్నగా ఉంటుంది, పొరా లేదు, చెవులూ లేవు. కలుపు తీసే ఆడవాళ్ళు ఒంగుని, చేత్తో తడిమి, ఈ తేడాతోనే ఏరతారు.

ఊదలో అన్ని రకాలూ వరిలా ఉండవు. నేల మీద పరుచుకునేవి, ఎర్రటి కాడతో ఉండేవి చాలా ఉన్నాయి. మరి వరిలాంటిది ఎలా వచ్చింది? వందల ఏళ్ళుగా వరి చేలల్లో కలుపు తీసిన చేతులే దాన్ని తయారు చేశాయి. వరికి భిన్నంగా కనిపించిన ప్రతి మొక్కా గట్టు మీద పడింది. కాస్త వరిలా ఉన్నది కంటపడక విత్తనం రాల్చింది. చైనాలో యాంగ్జీ నది లోయలో పెరిగే ఊద జన్యువుల్ని చదివి, అక్కడ ఈ వేషం సుమారు 1000 ఏళ్ళ కిందట మొదలైందని 2019లో లెక్కగట్టారు. ఊద వరిలా మారాలని ఊదా కోరుకోలేదు, రైతూ కోరుకోలేదు. ఇంత చక్కటి పోలిక ఎవరి ఉద్దేశమూ లేకుండా కుదిరింది. ఈ ఒక్క మొక్కని బాగా చూసినవాళ్ళకి, కన్నులాంటి క్లిష్టమైన అవయవం ఎవరూ గీసివ్వకుండా ఎలా వస్తుందన్న ప్రశ్నకి దారి దొరుకుతుంది.

ఇక్కడొక అపోహ తీసేయాలి. "బలమున్నదే బతుకుతుంది" అని మనవాళ్ళు పరిణామాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సరికాదు. ఏ గుణం మంచిది అన్నది చోటుని బట్టి ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌ని తయారు చేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్ వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ మారిన జన్యువులే వచ్చిన బిడ్డకి ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పులొస్తాయి. మరి ఇంత చెడ్డ జన్యువు ఎప్పుడో పోవాలి కదా? ఒకటే మారిన జన్యువు ఉన్నవాళ్ళని వాహకులంటారు. వాళ్ళు మామూలుగానే ఉంటారు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి వాళ్ళకి రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న చోట ఆ జన్యువు నిలిచిపోయింది. గోదావరి ఎగువన ఏజెన్సీ గ్రామాల్లో ఇది ఉంది. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు, ప్రతిసారీ లెక్క మొదటినుంచే.

మలేరియాకీ రక్తజబ్బులకీ ఈ ముడి ఉందని 1949లోనే ఊహించినవాడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన చెప్పింది తలసీమియా అనే ఇంకో వంశపారంపర్య రక్తజబ్బు గురించి. సికిల్ సెల్ విషయంలో అది నిజమేనని 1954లో ఆంథొనీ అల్లిసన్ ఆఫ్రికాలో చూపించాడు. ప్రకృతివరణాన్ని గణితంలోకి తెచ్చిన ముగ్గురిలో హాల్డేన్ ఒకరు. ఇందాక మనం వేసిన సుడిదోమ లెక్క ఆయన 1920లలో వేసిన లెక్కలకి పిల్ల. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశం వచ్చేశారు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. దేహాన్ని వైద్య విద్యార్థుల చదువుకి ఇమ్మన్నారు. అది చేరింది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి. గోదావరి జిల్లాల బళ్ళలో ప్రతి పిల్లవాడికీ తెలియాల్సిన విషయం ఇది. తెలియకపోగా, 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠాన్నే తీసేసింది. పదో తరగతి తర్వాత బైపీసీ తీసుకోని పిల్లలు దీన్ని ఇక ఎక్కడ చదువుతారు? అందుకని, ఉపాధ్యాయుల్లారా, పుస్తకంలో లేకపోయినా మీరు చెప్పండి.

కాలం సంగతికి వద్దాం. నాలుగు పిచికారీలకి దోమ మారితే, కోట్ల ఏళ్ళలో ఎంత మారవచ్చు? ఆ కాలాన్ని చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు. దేవరపల్లి, పంగిడి వైపు నల్లరాతి క్వారీలు చూసే ఉంటారు. మన రోడ్లకి, ఇళ్ళకి పడే కంకర అక్కడిదే. ఆ నల్లరాయి దక్కన్ లావా, పడమటి వైపు నుంచి వందల కిలోమీటర్లు పారి ఇక్కడ గడ్డకట్టింది. కింద ఒక లావా పొర, పైన ఇంకో లావా పొర, రెంటి మధ్య గుల్లలు నిండిన మట్టి, సున్నపురాయి పొర. ఆ మధ్య పొరలో సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే సముద్రజీవుల గుల్లలున్నాయి, ఫొరామినిఫెరా అంటారు. అవి డైనోసార్లు అంతరించిన వెంటనే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పుట్టుకొచ్చిన రకాలు. దానికి ముందు కాలపు రకాల్లో ఎక్కువభాగం ఆ దెబ్బకి పోయాయి. డైనోసార్లు ఖాళీ చేసిన చోట్లలోకే పాలిచ్చే జంతువులు విస్తరించాయి, ఆ వరసలో మనమూ ఉన్నాం. కంకర లారీ ఎక్కే రాళ్ళ మధ్యలో అంత పెద్ద మలుపు నమోదై ఉంది.

ఈ గుల్లలు ఊరికే చూసి మురిసిపోవడానికి కూడా కాదు. చమురు బావి తవ్వేటప్పుడు పైకొచ్చే రాతి పొడిలో ఏ రకం గుల్లలున్నాయో చూసి, డ్రిల్లు ఏ కాలపు పొరలో ఉందో చెప్తారు. కింద పొరలో ఉండాల్సిన రకం పైపొరలో, పైదాంట్లో ఉండాల్సింది కిందిదాంట్లో కలగాపులగంగా దొరికితే ఈ పద్ధతే నడవదు. కృష్ణా గోదావరి బేసిన్ బావుల్లో కూడా ఇదే వాడతారు.

మనం కూర్చున్న ఈ డెల్టా మాత్రం పసిది. 20 వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉండేది. అది పెరిగి నిలదొక్కుకున్నాక, గత 6, 7 వేల ఏళ్ళలో గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఈ నేల ఏర్పడింది. నేల కంటే మనిషి చాలా పాతవాడు.

ఇక మనిషి. "కోతి నుంచి మనిషి వస్తే ఇప్పటి కోతులెందుకు మారడం లేదు?" అని ప్రతి సభలోనూ అడుగుతారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి గౌతమి ఒకవైపు, వసిష్ఠ ఒకవైపు పోతాయి. గౌతమి మారి వసిష్ఠ అయిందని ఎవరూ అనరు. రెంటికీ పైన ఒకే నది ఉంది, అంతే. చింపాంజీ మనిషి కాలేదు, కాదు కూడా. 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో ఉన్న ఒక జాతి రెండు పాయలైంది. ఒక పాయలో చింపాంజీలు, ఇంకో పాయలో మనం. చింపాంజీ కూడా ఆ 60 లక్షల ఏళ్ళూ తన దారిలో మారుతూనే వచ్చింది. ఇందాక చెప్పిన వరస బొమ్మ తప్పంటున్నది ఇందుకే. మన పాయ కూడా మళ్ళీ మళ్ళీ చీలింది, చీలినవాటిలో చాలా ఎండిపోయాయి.

దీనికి రుజువేమిటి? జన్యువులు వరసగా ఉండే పోగుల్ని క్రోమోజోములంటారు. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకి 46. ఒక జత ఏమైంది? క్రోమోజోము రెండు కొనల దగ్గరా టి-టి-ఎ-జి-జి-జి అనే అక్షరాల వరస వందలసార్లు వస్తుంది. అది కొనలోనే ఉండాలి. మన 2వ నంబరు క్రోమోజోము నడిమధ్యలో ఆ వరస ఉంది, అదీ ఎదురెదురుగా అతికినట్టు. చింపాంజీలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు మన పాయలో కొనలతో అతుక్కున్నాయి, ఆ అతుకు అది. ఇంకో రుజువు. మేకకి ఉసిరికాయ పెట్టనక్కర్లేదు, సీ విటమిన్ దాని కాలేయమే తయారు చేసుకుంటుంది. మనకి ఆ జన్యువు ఉంది కానీ చెడిపోయి పనిచేయదు. కోతులకీ, చింపాంజీకీ అదే జన్యువు, చెడిన గుర్తులు కూడా ఒకేలా. గినీ పందిలో కూడా అది చెడిపోయింది, కానీ దాని చెడు వేరే తీరు. ఇద్దరు విద్యార్థుల జవాబు పత్రాల్లో ఒకే అక్షర దోషం ఒకే చోట ఉంటే పరీక్షలు దిద్దే మాస్టార్లకి అర్థమవుతుంది కదా.

మనిషిలో ముందు మారింది మెదడు అనుకుంటారు, కాళ్ళు ముందు మారాయి. టాంజానియాలో లేటోలి అనే చోట సుమారు 36 లక్షల ఏళ్ళ నాటి అడుగుజాడలు అగ్నిపర్వత బూడిదలో గట్టిపడి దొరికాయి. నాట్లేసిన గట్టు మీద తడి బురదలో నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగి చూడండి. మడమ దగ్గర లోతు, మధ్యలో తేలిక, మళ్ళీ ముందు భాగంలో లోతు, బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే సూటిగా. లేటోలి జాడలూ దాదాపు ఇలాగే ఉన్నాయి. చింపాంజీ అడుగులో బొటనవేలు పక్కకి విడిపోయి ఉంటుంది. ఆ అడుగులు వేసిన జాతికి చెందినదే 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ. వయసు 32 లక్షల ఏళ్ళు, ఎత్తు మూడున్నర అడుగులు, ఆ జాతి మెదడు మనదానిలో మూడో వంతు. రాతి పనిముట్లు, పెద్ద మెదడు ఆ తర్వాతి సంగతులు. నిటారుగా నిలబడ్డందుకు మనం ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నాం. నాలుగు కాళ్ళ మీద నడిచే జంతువు వెన్ను నిలువు బరువు మోయాల్సి రావడంతో నడుం నొప్పులు, కటి ఎముక ఇరుకై బిడ్డ తల పెద్దదై కష్టమైన కాన్పులు. కొత్తగా గీసి కట్టే అవకాశం పరిణామానికి లేదు, ఉన్నదాన్నే సర్దుతుంది.

మన జాతి, హోమో సేపియన్స్, సుమారు 3 లక్షల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో కనిపిస్తుంది. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో దొరికిన చేతిగొడ్డళ్ళు 15 లక్షల ఏళ్ళ నాటివి, అంటే వాటిని చేసింది మనం కాదు, మనకంటే ముందు ఆఫ్రికా దాటి వచ్చిన పాత పాయ. కర్నూలు వైపు జ్వాలాపురంలో సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ కిందట కురిపించిన బూడిద మందంగా ఉంది. దాని కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే, పనితనంలో పోలికా ఉంది. ఎముకలు దొరకలేదు కాబట్టి వాటిని చేసిన చేతులెవరివన్న వాదం నడుస్తోంది. ఇప్పుడు మనలో ఉన్న వంశాల్లో అత్యధికభాగం 50 నుంచి 70 వేల ఏళ్ళ మధ్య ఆఫ్రికా నుంచి బయల్దేరినవాళ్ళవి. దారిలో వాళ్ళు నియాండర్తల్‌లతో, అంటే అంతరించిపోయిన ఇంకో మానవ పాయతో కలిశారు. మన డీఎన్ఏలో నూటికి 1, 2 వంతులు వాళ్ళది. అందులో 3వ క్రోమోజోము మీదున్న ఒక ముక్క కోవిడ్‌ని ముదిరేలా చేస్తుందని 2020లో తేలింది, అది దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది.

ప్రశ్నలకి సమయం ఇస్తాను.

ప్రశ్న: కోరంగి మడ అడవుల్లో బురద మీద గెంతే చేపలున్నాయి కదండీ, అవి కప్పలు కాబోతున్నాయా?

లేదమ్మా. ఆ చేప బురద మీద బతకడానికి చక్కగా సరిపోయిన జీవి, ఇంకేదో కావడానికి మధ్యలో ఆగిన జీవి కాదు. నీళ్ళలోంచి నేల మీదికి వచ్చిన మన పూర్వీకులు వేరే తెగ. ఆ తెగకి దగ్గరి శిలాజం టిక్టాలిక్, 37.5 కోట్ల ఏళ్ళ నాటిది, 2004లో ఉత్తర కెనడాలో దొరికింది. దాని రెక్క లోపల భుజం ఎముక, మోచేయి, మణికట్టు ఉన్నాయి. కోరంగి చేప రెక్కలో ఆ వరస ఉండదు.

ప్రశ్న: మా కుటుంబాల్లో తరతరాలుగా మేనరికాలే. ఏమీ కాలేదు. మరి డాక్టర్లు ఎందుకు వద్దంటారు?

మంచి ప్రశ్నండి. ఈ విషయాన్ని ఆంధ్రలో శ్రద్ధగా లెక్కలు తీసి చదివినవారిలో హాల్డేన్ శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఒకరు. మనలో ప్రతి ఒక్కరం కొన్ని చెడిన జన్యువుల్ని ఒంటి కాపీగా మోస్తుంటాం. రెండో కాపీ బాగుంటుంది కాబట్టి తెలియదు. బావామరదళ్ళకి తాతా అమ్మమ్మలు ఒకరే, అందుకని ఒకే చెడిన కాపీ రెండు వైపుల నుంచీ బిడ్డకి చేరవచ్చు. బిడ్డ జన్యువుల్లో 16వ వంతు ఇలా రెండూ ఒకే మూలం నుంచి వస్తాయి. మేనమామ పెళ్ళైతే 8వ వంతు. ఒక చెడిన జన్యువు 200 కాపీల్లో ఒకటిగా ఉందనుకోండి. సంబంధం లేనివాళ్ళ పెళ్ళిలో ఆ జబ్బు 40,000 కాన్పులకి ఒకటి. మేనరికంలో సుమారు 3,000 కాన్పులకి ఒకటి. పదమూడు రెట్లు ఎక్కువ. అయినా 3,000కి 2,999 మంది బిడ్డలు ఆ జబ్బు లేకుండానే పుడతారు, అందుకే మీ ఇంట్లో ఏమీ కాలేదు. ఇలాంటి జబ్బులు చాలా ఉన్నాయి కాబట్టి అన్నీ కలిపితే, ఏ పెళ్ళిలోనైనా నూటికి 2, 3గా ఉండే పుట్టుక లోపాలు మేనరికంలో ఇంకో 2, 3 పెరుగుతాయి.

ఇంట్లో చెవుడు, చిన్ననాటి మరణాలు, రక్తం ఎక్కించాల్సి వచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే పెళ్ళి మాటలకి ముందే జన్యు సలహా తీసుకోండి. తలసీమియా, సికిల్ సెల్ వాహకులా కాదా అన్నది ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. ఇప్పటికే మేనరికం అయినవాళ్ళు కంగారుపడొద్దు. మొదటి మూడు నెలల్లోనే డాక్టరుగారికి ఆ మాట చెప్పండి, పుట్టిన బిడ్డకి మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించండి.